పడక వేళను పది వారాల్లో కుదుర్చుకున్న తీరు: నా అనుభవం

గోరువెచ్చని పాలు, అరికాళ్ళకు నూనె, దీర్ఘశ్వాస, ఫోను దూరంగా పెట్టడం. నిద్ర కోసం అందరూ చెప్పే ఈ పనులన్నీ మొదటిసారి ఒకే వారంలో మొదలుపెట్టాను. ఒక్కటీ అక్కరకు రాలేదు. పునాది తీయకుండా గోడకు సున్నం వేసినట్టయింది. రెండోసారి తెల్లవారి లేచే వేళను ముందు ఖాయం చేసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి, సాయంత్రం వైపు, ఒక్కో పనే చేర్చుకుంటూ వచ్చాను. లెక్క రాయడానికి రెండు వారాలు, సర్దుబాట్లకు ఎనిమిది వారాలు పట్టింది. ఏ వరసలో ఏం చేశానో, ఎక్కడ చెడిందో, ఎందుకు చెడిందో రాస్తున్నాను.

మొదటి పని ఒక నోటుపుస్తకం. రోజుకు ఒక వరస: పక్క మీద వాలింది ఎప్పుడు, నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, మొత్తం ఎంతసేపు, ఆఖరిసారి కళ్ళు తెరిచింది ఎప్పుడు, పక్క దిగింది ఎప్పుడు. పక్కనే ఇంకో రెండు గడులు: కాఫీ టీలు తాగిన వేళలు, పగటి కునుకు. ఇదంతా పొద్దున్నే, అంచనాగా రాయాలి. రాత్రి గడియారం చూసి రాయాలనుకున్న మొదటి మూడు రోజులూ నిద్ర ఇంకా పాడైంది. “రెండున్నర అయింది, ఇంక మూడు గంటలే ఉంది” అని లెక్క వేసిన క్షణం మెదడు పూర్తిగా మేలుకుంటుంది. నాలుగో రోజు గోడ గడియారాన్ని హాల్లోకి మార్చాను. అలారం గడియారాన్ని ముఖం గోడవైపు తిప్పి పెట్టాను. పది నిమిషాలు అటూ ఇటూ అయినా సగటుకు ఏమీ కాదు.

పద్నాలుగు రోజుల సగటు ఇలా వచ్చింది. రాత్రి 10:30 నుంచి ఉదయం 7:00 వరకు, అంటే ఎనిమిదిన్నర గంటలు మంచం మీద ఉన్నాను. అందులో నిద్రపోయింది 5 గంటల 45 నిమిషాలు. 345 నిమిషాలను 510తో భాగిస్తే 68 శాతం. దీన్ని నిద్ర సామర్థ్యం అంటారు. 85 శాతం దాటితే బాగున్నట్టు. నాకు కనువిప్పు కలిగించింది మిగిలిన 2 గంటల 45 నిమిషాలు. ప్రతి రాత్రీ అంతసేపు దొర్లుతూ, ఆలోచిస్తూ, విసుక్కుంటూ గడిపితే మంచమంటే మేలుకుని ఉండే చోటని శరీరం నేర్చేసుకుంటుంది. సోఫాలో తూలుతున్న మనిషి పక్క మీద వాలగానే కళ్ళు విప్పుకోవడానికి కారణం ఇదే. అమెరికా మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో ప్రతిపాదించిన చికిత్స ఈ పాఠాన్ని చెరిపేయడానికే. నిద్ర ముంచుకొస్తేనే మంచం ఎక్కు, పట్టకపోతే దిగు, మంచం మీద ఇంకే పనీ పెట్టుకోకు, రోజూ ఒకే వేళకు లే. దానికి ఇంకో మనస్తత్వవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో ఇంకో మెట్టు చేర్చాడు: మంచం మీద ఉండే సమయాన్ని, నిజంగా నిద్రపోతున్న సమయానికి తగ్గించెయ్యి. ఈ రెండూ భాగంగా ఉన్న పద్ధతినే దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రలకన్నా ముందు వాడాలని అక్కడి వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది.

ఇందులో కిటుకు అర్థం కావాలంటే నిద్రను రెండు శక్తులు నడిపిస్తాయని తెలియాలి. నిద్ర పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బేలీ 1982లో ఇచ్చిన నమూనా ఇది. ఒకటి నిద్రాకలి అనుకోండి. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటూ ఆ ఆకలి పెరుగుతుంది, నిద్రతో తీరుతుంది. రెండోది ఒంట్లో గడియారం. అది వెలుతురును బట్టి, లేచే వేళను బట్టి నడుస్తుంది. ఆదివారం తొమ్మిదింటి దాకా పడుకుంటే రెండూ ఒకేసారి చెడతాయి. గడియారం వెనక్కి జరుగుతుంది, ఆ రాత్రికి ఆకలి ఆ మేరకు తక్కువ పడుతుంది. పాలు, నూనె, శ్వాస ఆ లోటును పూడ్చలేవు. మొదటిసారి నేను ఓడిపోయింది ఇక్కడే.

లేచే వేళ 5:45 అని పెట్టుకున్నాను. ఆదివారమూ పండగపూటా కూడా నిలబెట్టుకోగల వేళను ఎంచుకోవాలి. బ్రహ్మముహూర్తంలో లేవాలన్న పట్టుదలతో నాలుగున్నర పెట్టుకుంటే రెండో వారంలోనే జారిపోతుంది. సగటు నిద్ర 5 గంటల 45 నిమిషాలు కాబట్టి మంచానికి ఆరు గంటలు ఇచ్చాను: రాత్రి 11:45 నుంచి ఉదయం 5:45 వరకు. లెక్క ఎంత తక్కువ వచ్చినా ఐదు గంటలకన్నా కిందికి దించకూడదు.

మొదటి పది రోజులు కష్టం. రాత్రి తొమ్మిదికే కళ్ళు మూతలు పడతాయి, పదకొండూ ముప్పావు వరకు ఆగాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు సోఫా. భోంచేసి టీవీ ముందు పది నిమిషాలు కునికితే పగలంతా కూడబెట్టిన నిద్రాకలిలో కొంత కరిగిపోతుంది, పదకొండుకి కళ్ళు మళ్ళీ చురుగ్గా తెరుచుకుంటాయి. దీనికి నాకు దొరికిన మందు నిలబడి చేసే పనులే. అంట్లు తోమడం, ఆరిన బట్టలు మడతపెట్టడం, రేపటి కూరగాయలు తరగడం. పగటి కునుకు ఆ పది రోజులూ పూర్తిగా మానేశాను. తర్వాత కూడా మధ్యాహ్నం మూడులోపు, 20 నిమిషాలు, అలారం పెట్టుకునే. ఈ రోజుల్లో బండి నడపడం తగ్గించుకోవాలి. దూర ప్రయాణాలు అసలే వద్దు. కునుకుపాటు ఎదురుగా వచ్చే లారీని ఆపదు.

మొదటి వారం 5 గంటల 10 నిమిషాలు నిద్ర వచ్చింది, 86 శాతం. మొత్తం నిద్ర తగ్గినా మధ్యలో మెలకువలు నాలుగు నుంచి ఒకటికి దిగాయి. రెండో వారం 5 గంటల 25 నిమిషాలు, 90 శాతం. 90 చేరితే పడుకునే వేళను 15 నిమిషాలు ముందుకు తెస్తారు. 85 నుంచి 90 మధ్య ఉంటే అలాగే ఉంచుతారు. 85 లోపు పడితే 15 నిమిషాలు తగ్గిస్తారు. అలా 11:30, 11:15, 11:00, చివరికి 10:45. మధ్యలో ఒక వారం పెళ్ళి ప్రయాణం వల్ల లెక్క పడిపోయి 11:15 దగ్గరే ఇంకో వారం ఉండిపోయాను. ఎనిమిదో వారానికి మంచం మీద ఏడు గంటలు, నిద్ర 6 గంటల 25 నిమిషాలు, 92 శాతం.

ఈ మెట్లు ఎక్కుతూ ఉండగానే సాయంత్రం పనుల్ని వారానికి ఒకటి చొప్పున చేర్చాను. ఒకేసారి చేరిస్తే ఏది పనిచేసిందో, ఏది ఊరికే శ్రమో తేలదు.

ముందు కాఫీ. కెఫీన్ అడినోసిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. అందుకే అలసట ఉన్నా నిద్రాకలి తెలియదు. ఒంట్లో సగం కరగడానికి సుమారు ఐదారు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికి గట్టి ఫిల్టర్ కాఫీ తాగితే అందులో సగం రాత్రి పదిన్నరకూ నెత్తురులో తిరుగుతుంటుంది. గర్భిణులకు ఇంకా చాలా ఎక్కువసేపు ఉంటుంది. “నేను కాఫీ తాగినా హాయిగా పడుకుంటాను” అనేవాళ్ళకూ నిద్ర లోతు తగ్గుతుంది, వాళ్ళకు తెలియదంతే. ఒక్కసారిగా మానేస్తే కొన్ని రోజులు తలనొప్పి రావచ్చు. అందుకని సాయంత్రం కప్పులో డికాషన్‌ను నాలుగు రోజులకోసారి పావు వంతు తగ్గిస్తూ వచ్చి, రెండు వారాలకు అక్కడ పల్చని మజ్జిగ పెట్టాను. ఆఖరి కాఫీ ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటకు. టీని కాఫీలా లెక్కపెట్టనివాళ్ళు చాలామంది ఉన్నారు. ఆఫీసులో నాలుగున్నర టీ కూడా ఇదే లెక్కలోకి వస్తుంది.

భోజనం ఎనిమిదికి. మన ఇళ్ళలో తొమ్మిదిన్నరకు పప్పు, వేపుడు, పచ్చడి, పెరుగు అన్నీ తిని పదిన్నరకు పడుకుంటాం. ఛాతీలో మంట మొదలవుతుంది, అది మెలకువ వచ్చిందని తెలియకుండానే నిద్రను తుంచేస్తుంది. ఎనిమిదికి కుదరని రోజు కారం, వేపుడు మధ్యాహ్నానికి జరిపి రాత్రికి పెరుగన్నంతో సరిపెట్టుకోవడం మేలు. మంట ఉన్నవాళ్ళు ఎడమవైపు తిరిగి పడుకోవాలి, మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి 15 సెంటీమీటర్లు ఎత్తాలి. రెండు దిండ్లు పెట్టుకుంటే మెడ, పొట్ట మడతపడి మంట పెరుగుతుంది. మద్యం గురించి ఒక్క మాట: తొందరగా పడగొడుతుంది, రాత్రి రెండో సగంలో లేపి కూర్చోబెడుతుంది.

వెలుతురు విషయంలో నేను ఎక్కువ తప్పులు చేశాను, ఎక్కువ ఫలితమూ ఇక్కడే చూశాను. కంటి రెటీనాలో చూపుకు సంబంధం లేకుండా పగలో రాత్రో కనిపెట్టే కణాలున్నాయి. నీలిరంగు వెలుతురుకు, సుమారు 480 నానోమీటర్ల దగ్గర, అవి బాగా స్పందిస్తాయి. వాటి కబురు అందితే రాత్రయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోనును మెదడు ఆపేస్తుంది. మన హాళ్ళలో ఉండే 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబుల్లో చాలావరకు 6500 కెల్విన్ తెల్ల వెలుతురువే (కెల్విన్ అంటే వెలుతురు రంగుకు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం పాలు ఎక్కువ). ఫోను తెర గురించి ఊరంతా చెప్తారు గానీ నెత్తిమీది ట్యూబు గురించి ఎవరూ అనరు. తొమ్మిది కాగానే ట్యూబులన్నీ ఆర్పి, 2700 కెల్విన్ పసుపు వెలుతురు బల్బు ఒక్కటి, 7 వాట్లది, కుర్చీకి వెనకగా, కంటి ఎత్తు కన్నా కిందికి ఉండేలా స్టూలు మీద పెట్టాను. పెట్టె మీద ‘వార్మ్ వైట్’ అని ఉంటుంది, కెల్విన్ అంకె కూడా చూసి కొనాలి. అయినా రెండు వారాలు పెద్ద తేడా రాలేదు. తప్పు బాత్రూంలో దొరికింది. గంటన్నర మసక వెలుతురులో ఉండి, 10:40కి పళ్ళు తోముకోవడానికి అద్దం పైన తెల్ల లైటు కింద మూడు నిమిషాలు నిలబడుతున్నాను. పళ్ళు తోమడం తొమ్మిదికి ముందే ముగించి, రాత్రి అవసరానికి బాత్రూంలో అర వాట్ ఎర్ర జీరో బల్బు పెట్టాక తేడా తెలిసింది. పగటి వెలుతురు దీనికి రెండో సగం. లేచిన గంటలోపు డాబా మీదో వీధిలోనో 15 నిమిషాలు. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట వెలుతురు గదిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. సంక్రాంతి రోజుల్లో 5:45కి చీకటే ఉంటుంది కాబట్టి ఏడు దాటాక వెళ్ళాలి.

ఫోనుకు హాల్లో చోటిచ్చాను, తొమ్మిదింటికి చార్జింగుకు. డు నాట్ డిస్టర్బ్‌లో ఇంటివాళ్ళ నంబర్లు, రెండుసార్లు వరసగా చేసినవాళ్ళ కాల్స్ మోగేలా పెట్టుకోవచ్చు. అత్యవసరం తప్పిపోతుందన్న భయం దాంతో పోతుంది. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళలో అసలు చిక్కు వేరు. రాత్రి తొమ్మిదిన్నరకు, అక్కడ పగటి వేళ, వీడియో కాల్ వస్తుంది. మాటలు సంతోషమే, కానీ మెదడు ఉరకలేస్తుంది. ఆ కాల్‌ను మనకు ఉదయం ఆరున్నరకు మార్చుకుంటే న్యూయార్క్ వైపు వేసవిలో రాత్రి తొమ్మిది, చలికాలంలో ఎనిమిది అవుతుంది. ఇద్దరికీ తీరిక దొరికే వేళ.

వేడినీళ్ళ స్నానం గురించి ఎక్కువమందికి సందేహం: నిద్రకు ఒళ్ళు చల్లబడాలంటారు, మళ్ళీ వేడినీళ్ళు ఎందుకు? వేడి తగలగానే చేతులు, పాదాల చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుంటాయి. లోపలి వేడి వాటి గుండా బయటికి పోతుంది, గంట గడిచేసరికి ఒంటి లోపలి ఉష్ణోగ్రత దిగుతుంది. ఆ దిగుడే నిద్రకు సైగ. నీళ్ళు 40 నుంచి 42 డిగ్రీలు ఉండాలి. మోచేతితో చూస్తే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. పది నిమిషాలు, పడుకోవడానికి గంట గంటన్నర ముందు. నేను మొదట పదిన్నరకు చేసి వెంటనే పడుకున్నాను. ఒళ్ళంతా సెగ, చెమట, పదకొండున్నర దాకా నిద్ర లేదు. 9:15కి జరిపాక సరిపోయింది. మే నెలలో కోస్తా ఉక్కలో ఒంటికి వేడినీళ్ళు దండగ. అప్పుడు మామూలు నీళ్ళ స్నానం చేసి, పాదాలు మాత్రం బకెట్‌లో గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు పెట్టుకుంటే చాలు. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవాళ్ళు ఇది చేయకూడదు. కాలుతున్నా తెలియదు. నువ్వులనూనె అరికాళ్ళకు రాయడం హాయే. చెంచాడు చాలు, తుడుచుకోకుండా గచ్చు మీద నడిస్తే జారిపడతారు.

మనసు సంగతి పడుకునే ముందు చూసుకుందామనుకుంటే ఆలస్యమవుతుంది. సాయంత్రం ఆరున్నరకు 15 నిమిషాలు కాగితం మీద రెండు వరసలు రాస్తాను: ఎడమవైపు దిగులు, కుడివైపు దానికి రేపో ఎల్లుండో వేయగల ఒక్క అడుగు. “అబ్బాయి ఫీజు” ఎదురుగా “గురువారం బ్యాంకులో అడగాలి”. అడుగు లేని దిగులుకు అడ్డగీత వేసి “ఇది ఇప్పుడు నా చేతిలో లేదు” అని రాస్తాను. రాత్రి పదింటికి మళ్ళీ ఐదు నిమిషాలు, రేపటి పనుల పట్టీ మాత్రమే. పని ఎంత వివరంగా రాస్తే అంత మంచిది. “కరెంటు బిల్లు” అని కాకుండా “పదిన్నరకు కరెంటు బిల్లు కట్టాలి” అని. మర్చిపోతానేమో అన్న భయంతో మెదడు కాపలా కాయడం మానేస్తుంది. దిగుళ్ళ కాగితాన్ని పదింటికి మార్చిన వారం నిద్ర పట్టడానికి 40 నిమిషాలు పట్టింది. అందుకే ఆ రెండింటినీ వేరు చేశాను.

10:20కి కండరాల సడలింపు. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1920లలో రూపొందించిన పద్ధతి. అసలు దాంట్లో ఎన్నో మెట్లున్నాయి, నేను ఏడుకు కుదించుకున్నాను: పిడికిళ్ళు, పై చేతులు, ముఖం, భుజాలు, పొట్ట, తొడలు, పిక్కలు. ఒక్కోదాన్ని ఏడు సెకన్లు బిగించి, 20 సెకన్లు వదిలేయాలి. బిగించే బలం సగమే ఉండాలి. పూర్తి బలంతో బిగిస్తే గుండె వేగం పెరుగుతుంది. పిక్కల దగ్గర కాలివేళ్ళను కిందికి చాస్తే కొంకర్లు పోతాయి, తన వైపు లాక్కోవాలి. తర్వాత ఐదు నిమిషాలు శ్వాస: నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదలడం, నిమిషానికి ఆరు. ఊపిరి బిగపట్టే పద్ధతులు కొందరికి గాభరా పెంచుతాయి, నాకూ పెంచాయి. ఈ రెండూ కుర్చీలో చేసి 10:45కి మంచం ఎక్కుతాను. నిద్ర వస్తోందా అని మధ్యలో తడుముకుంటే అంతా వృథా. మొదటి పది రోజులు ఫలితం చూడకుండా చేయాలి.

పక్క మీద కూడా ఆలోచన తెగకపోతే మన అక్షరాలు ఉపయోగపడతాయి. ఒక అక్షరం తీసుకుని, దాంతో మొదలయ్యే వస్తువుల్ని తొందర లేకుండా ఒక్కొక్కటే కళ్ళముందు చూడాలి: చ, చల్ల కుండ, చక్రం, చద్దన్నం, చలిమంట. ఒకదానికొకటి పొంతన లేని బొమ్మలైతేనే పనిచేస్తుంది. బంధువుల పేర్లు, డబ్బు మాటలు వస్తే వెంటనే ఇంకో అక్షరానికి పోవాలి.

అయినా పట్టకపోతే, ఓ ఇరవై నిమిషాలు గడిచాయనిపించగానే, విసుగు మొదలవకముందే లేవాలి. ఇది అన్నింటికన్నా కష్టమైన నియమం, అన్నింటికన్నా బలమైనది కూడా. అందుకని హాల్లో కుర్చీ, దుప్పటి, పసుపు దీపం, ఎక్కడ తెరిచినా చదవగల పాత పత్రిక ముందే సిద్ధం చేసి పెడతాను. మళ్ళీ కళ్ళు బరువెక్కాకే లోపలికి. మూడింటికి లేచినప్పుడు ఫ్రిజ్ తెరవకూడదు. నాలుగు రోజులు బిస్కెట్లు తింటే ఐదో రోజు ఆ వేళకే ఆకలి లేపుతుంది.

తెల్లవారుజాము మెలకువకు గది కూడా కారణం. ఏసీ టైమర్‌ను రెండింటికి ఆగేలా పెడితే నాలుగింటికి గది వేడెక్కుతుంది, అప్పటికి నిద్రాకలి చాలావరకు తీరి నిద్ర పల్చబడి ఉంటుంది, ఉక్కకే లేస్తాం. టైమర్ తీసేసి 26 డిగ్రీల దగ్గర ఫ్యాను నెమ్మదిగా తిరిగేలా ఉంచితే రాత్రంతా ఒకేలా ఉంటుంది. ఫ్యాను చప్పుడు వీధికుక్కల అరుపునూ కొంత కప్పుతుంది. ఇక వీధిలో డీజే అంటారా, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలే చెప్తున్నాయి. 112కు ఫోను చేయొచ్చు.

ఈ వరస అందరికీ కాదు. మూర్ఛ, బైపోలార్ (ఉత్సాహం, దిగులు విపరీతంగా మారిపోయే మానసిక జబ్బు) ఉన్నవాళ్ళు, రాత్రిళ్ళు డ్రైవింగే వృత్తిగా ఉన్నవాళ్ళు మంచం సమయాన్ని సొంతంగా తగ్గించుకోకూడదు. నిద్రమాత్రలు వాడుతున్నవాళ్ళు వైద్యుణ్ణి అడక్కుండా ఆపకూడదు. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవాళ్ళకు, ఏడు గంటలు పడుకున్నా పగలు తూలేవాళ్ళకు ముందు నిద్ర పరీక్ష కావాలి. రాత్రి కాళ్ళలో ఏదో పాకినట్టుండి కదపకుండా ఉండలేకపోతే ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించాలి, ఇనుము లోపం వల్ల అలా అవ్వొచ్చు.

నోటుపుస్తకాన్ని పదో వారంతో పక్కన పెట్టేశాను. నిద్ర బాగున్నప్పుడు లెక్కలు రాస్తూ పోతే అదీ ఒక దిగులవుతుంది. పెళ్ళిళ్ళు, రైలు ప్రయాణాలు వచ్చినప్పుడు సాయంత్రం పనుల్లో ఏది తప్పినా పట్టించుకోను. రాత్రి రెండింటికి పడుకున్నా మర్నాడు లేవడం మాత్రం 5:45కే. వరసగా మూడు రాత్రులు చెడితే మళ్ళీ 11:15 నుంచి మొదలుపెడతాను.